తినేసే సరుకు

ఫీనిక్స్,
అక్టోబరు 1966

జగన్నాథం అన్నయ్యకు తులసి రాస్తున్నది.

అందరం క్షేమం అని మొదలుపెట్టడం నాన్న నేర్పిన పద్ధతి. ఈసారి ఆ మాట రాయను. ఇక్కడ క్షేమంగా ఉన్నది మా యజమాని మిస్యే పియర్ ఒక్కడే.

మా లెమొనాద్ కార్ఖానాలో సీసాలు కడిగే పోలమ్మక్క నీకు తెలుసు. కార్తియే మిలితేర్ ఊళ్ళో మన వెనకింట్లో ఉండేది. నాన్న రామభజన చేయిస్తుంటే తాళం తప్పకుండా వాయించేది. పోయిన మంగళవారం ఆమె ముఖం కాలిపోయింది. నిప్పుతో కాదు, సోడాతో. తాగే సోడా అనుకోకు. సీసాల జిడ్డు వదలడానికి తొట్టెలో కలిపే కాస్టిక్ సోడా.

ఎలా జరిగిందో చెబుతాను, తీరిగ్గా విను. నీకు తీరిక ఎక్కువే కదా.

మొన్న మొన్నటి దాకా ఆ డ్రమ్ముల మీద పెద్ద ఎర్ర కాగితం అంటించి వచ్చేది. ఎర్ర కాగితం ఉంటే దాన్ని ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోకూడదు. మా ఆయన సూరయ్యే కలిపేవాడు. చేతులకి రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు, పక్కనే ఎప్పుడూ పారే కొళాయి. చన్నీళ్ళలో సోడాని కొంచెం కొంచెంగా వెయ్యాలి. సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు. అదంతా ఆ కాగితం మీదే ఉండేది.

చలికాలం నుంచి వస్తున్న డ్రమ్ములకి ఎర్ర కాగితం లేదు. 'శుభ్రం చేసే సరుకు' అని ఫ్రెంచిలో నల్ల అక్షరాలు అచ్చుకొట్టారు, అంతే. మిస్యే పియర్ వెంటనే సూరయ్యని లారీ మీదికి మార్చాడు. "సబ్బు కలపడానికి మగాడెందుకు?" అన్నాడు. తొడుగులు గదిలో పెట్టి తాళం వేశాడు. కొళాయి గొట్టాన్ని సీసాల వైపు తిప్పుకున్నాడు. మంగళవారం పోలమ్మక్కని పిలిచి బకెట్టు చేతిలో పెట్టాడు. ఆమెకేం తెలుసు? బకెట్లో సోడా పోసి, తొందరగా కరుగుతుందని దాని మీద మరిగే నీళ్ళు పోసింది. బకెట్టు ఉమ్మేసింది, అన్నయ్యా. మొత్తం ఆమె ముఖానికే. పక్కన కొళాయి లేదు కనుక పెరట్లో తొట్టి దాకా ఈడ్చుకుపోవలసి వచ్చింది.

సాయంత్రం నేను మిస్యే పియర్ గదిలోకి వెళ్ళి అడిగాను. ఏమన్నాడో తెలుసా? "ఇది ప్రమాదం కాదని గవర్నమెంతే తేల్చింది, తులసీ. మీ అన్న కూర్చునే ఆఫీసులోనే రాశారు. వెళ్ళి ఆయన్నడుగు."

అడుగుతున్నాను. ఎర్ర కాగితం ఎవరు పీకారు?

తెలుగులో రాస్తున్నాను కనుక నీ ఆఫీసులో ఎవరు విప్పినా ఇది చదవలేరు. నువ్వు మాత్రం చదవక తప్పదు. అక్షరాలు వంకర పోయాయి, బల్ల కుంటిది.

తులసి


ట్రియోలే,
అక్టోబరు 1966

చెల్లి తులసికి అన్నయ్య దీవెనలు.

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. వసంతి ఏడ్చింది. ఆమెకిప్పుడు నాలుగో నెల, ఇలాంటివి వినిపించకుండా ఉండవలసింది. పోలమ్మక్క చూపు ఎలా ఉందో వెంటనే రాయి. కట్టు విప్పిన ప్రతిసారీ కన్ను నీళ్ళతో కడగమని చెప్పు.

ఇక నీ ప్రశ్న. ప్రమాదకర సరుకుల కమిటీ అని ఒకటుంది. మన దీవికి ఓడలో వచ్చే ప్రతి సరుకునీ అది ఏదో ఒక వర్గంలో వేస్తుంది. పేలేవి, మండేవి, విషాలు, ఇలా. వాటిలో కొరోసివ్ అని ఒక వర్గం. మన మాటలో చెప్పాలంటే తినేసేవి. ఒంటిని తింటాయి, లోహాన్ని తింటాయి. ఎర్ర కాగితం ఆ వర్గానిదే. ఏ వర్గమైతే ఆ జాగ్రత్తలు. వర్గం మారితే జాగ్రత్తలన్నీ ఊడిపోతాయి.

నేను ఆ కమిటీలో సభ్యుణ్ణి కాను. మూల కూర్చుని వాళ్ళ మాటలు రాసుకుంటాను, అడిగినప్పుడు సరుకు పరీక్షించి పెడతాను. దిగుమతి కంపెనీ వాళ్ళు ఒక వాదన తెచ్చారు. సోడాని ఎవరూ డ్రమ్ములో ఉన్నట్టు వాడరు, బోలెడు నీళ్ళలో కలిపి వాడతారు, కాబట్టి తొట్టెలో నీళ్ళని చూసి వర్గం నిర్ణయించాలి అని. తొట్టెలో నీళ్ళు పరీక్షించమని నాకిచ్చారు. పలచన అని రాశాను. అది పలచనే. ఆ ఒక్క మాట పట్టుకుని సరుకునంతా సబ్బుల వర్గంలోకి మార్చారు.

నాకు నచ్చలేదు. కాని నచ్చలేదనడానికి నాకు అక్కడ నోరు లేదు. మళ్ళీ విచారణ పెట్టించే దారి వెతుకుతున్నాను. అంతవరకు నువ్వు మిస్యే పియర్ గదిలోకి వెళ్ళి అరవకు. సూరయ్య బావ ఉద్యోగం కూడా అక్కడే ఉందని మరిచిపోకు.

మీ అన్నయ్య
జగన్నాథం


ఫీనిక్స్,
నవంబరు 1966

అన్నయ్యా,

పోలమ్మక్క కుడి కన్ను పోయింది. ఎడమది మిగిలింది. నీళ్ళతో కడగమన్నావు కదా, డాక్టరు నీకన్నా ముందే చెప్పాడు. ఆ నీళ్ళు ఆ క్షణంలో కావాలి, అన్నయ్యా. కొళాయి తిప్పేశాక ఉత్తరంలో నీళ్ళు పంపితే ఏం లాభం?

నీ ఉత్తరం సూరయ్యకి చదివాను. 'మీ అన్నయ్య మంచివాడు' అన్నాడు. మంచివాడివే. పలచన అంటే పలచన అని రాశావు. అబద్ధం ఆడలేదు. నీళ్ళు కలిపిన గ్లాసు చూపించి ఇది షర్బత్తు అంటే, రమ్ము పీపా మొత్తం షర్బత్తని రాసుకుంటారా మీ కమిటీ వాళ్ళు? మరి పోలమ్మక్క తొట్టెలో పడలేదే! డ్రమ్ము విప్పింది. తొట్టెలో నీళ్ళు పలచన కావాలంటే ముందు ఎవరో ఒకరు ఆ చిక్కటి దాన్ని చేత్తో ఎత్తి పొయ్యాలి. ఆ ఎవరో ఒకరు మీ కాగితాల్లో ఎక్కడున్నారు?

మిస్యే పియర్ ఇప్పుడు కొత్త పాట పాడుతున్నాడు. పోలమ్మక్క తాగి వచ్చిందట. ఆమె శనివారం ఉపవాసం, ఆదివారం భజన. కల్లు వాసన కూడా పడదు. ఆ మాట విన్న రోజు ఆమె గోడ వైపు తిరిగి పడుకుని, "నాన్నగారు ఉంటే వాడి నోరు మూయించేవారు" అంది. మన నాన్న అప్పయ్య మేష్టారు ఉంటే ముందు నువ్వు మూసుకున్న నోరు తెరిపించేవారు.

ఇక్కడ ఆడవాళ్ళం ఒక మాట అనుకున్నాం. ఎర్ర కాగితం లేని డ్రమ్ముని మేం కలపం. సీసాలు కడుగుతాం, కలపం. అరవద్దన్నావు కనుక అరవలేదు. మెల్లగానే చెప్పాం.

కమిటీ ముందు మాట్లాడే దారి చూపించు. నేనూ పోలమ్మక్కా వస్తాం.

తులసి


ట్రియోలే,
జనవరి 1967

చెల్లీ,

దారి దొరికింది. వచ్చే నెల కమిటీ మీ ఇద్దరినీ వింటుంది. ఎలా ఒప్పించానని అడగకు.

ఒక్క సంగతి జాగ్రత్తగా విను. ఆవేశంలో తొట్టె నీళ్ళు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాలని నీకు అనిపిస్తుంది. నీ సంగతి నాకు తెలుసు. అది చెయ్యొద్దు. ఈ సోడా యాసిడ్ లాంటిది కాదు. యాసిడ్ పడితే చురుక్కుమంటుంది, చెయ్యి లాగేసుకుంటాం. ఇది దొంగది. ముందు సబ్బులా జారుతుంది. మన చర్మంలో ఉన్న కొవ్వునే సబ్బుగా మార్చేస్తుంది, అందుకే ఆ జారుడు. నొప్పి తరవాత వస్తుంది. చల్లారిన పలచటి నీళ్ళలో ఒక్క క్షణం వేలు ముంచితే ఏమీ కాదు. అక్కడ ఉన్నవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు. నువ్వు డ్రమ్ము గురించి మాట్లాడు. డ్రమ్ము గురించి మాత్రమే.

ఇంకో మాట. నీ రాత నాకు నచ్చడం లేదు. ఒక్క గుడి వంకరైనా నాన్న పలక తుడిచేయించేవారు. ఇప్పుడు నీ ఉత్తరంలో దీర్ఘాలు పక్క అక్షరం మీద పడుతున్నాయి. బల్ల ఇంకా కుంటుతూనే ఉందా? ఏమైందో రాయి.

వసంతి నీకు చింతపండు పచ్చడి పంపమంది. బస్సులో సూరయ్య బావ స్నేహితుడి చేతికిచ్చాను.

అన్నయ్య


ఫీనిక్స్,
ఫిబ్రవరి 1967

జగన్నాథం గారికి,

నిన్న నువ్వు మూల బల్ల దగ్గర కూర్చుని తల ఎత్తలేదు. కనుక జరిగింది నువ్వు చూసి ఉండవు. చెబుతాను.

నీ మాట వినలేదు. తొట్టె నీళ్ళు లెమొనాద్ సీసాలో తెచ్చాను. తప్పే. కాని డ్రమ్ము గురించి నన్ను మాట్లాడనిచ్చారా? నోరు తెరవగానే కమిటీని నడిపే ఆ పెద్దదొర "డ్రమ్ము సంగతి గతంలో తేలిపోయింది, తొట్టె గురించి చెప్పు" అన్నాడు. అందుకే సీసా తీశాను. గిన్నెలో పోశాను. "ఇది సబ్బు నీళ్ళయితే ముంచండి" అన్నాను. దిగుమతి కంపెనీ రసాయనాల మనిషి, ఆ మిస్యే జీన్, చొక్కా చెయ్యి మడిచి రెండు వేళ్ళు ముంచాడు. తీసి అందరికీ చూపించాడు. "గెతే, పా బ్రిలే" అన్నాడు. చూడండి, కాలలేదు! జేబురుమాలతో తుడుచుకున్నాడు. గదిలో అందరూ నవ్వారు. పెద్దదొర మరీ ఎక్కువగా నవ్వాడు. 

పోలమ్మక్క ముసుగు తీసింది. "దొరా, నన్ను చూడండి" అంది. ఎవరూ చూడలేదు. పెద్దదొర కిటికీ వైపు చూస్తూ, "మేం కూర్చున్నది సరుకు గురించి, మనుషుల గురించి కాదు" అన్నాడు. ఆ మాటని నువ్వు రాసుకున్నావా? కలం కదలడం చూశాను. చక్కగా రాసి ఉంటావు, నీ గుళ్ళూ దీర్ఘాలూ ఎప్పుడూ వంకర పోవు.

నా రాత ఏమైందని అడిగావు కదా. బల్ల బాగానే ఉంది. ఆ రోజు పోలమ్మక్క ముఖం మీది సోడాని తుడిచింది నా చేతులతోనే. సబ్బులా జారింది. నొప్పి లేదు. ఆమెని చూసుకుంటూ నా చేతుల సంగతి మరిచిపోయాను. మధ్యాహ్నం అయ్యేసరికి కుడి చేతి వేళ్ళ మధ్య తోలు తెల్లగా ఉబ్బి ఊడి వచ్చింది. ఇప్పుడు మూడు వేళ్ళు ముడుచుకోవు. మొదటి ఉత్తరం నుంచీ ఎడమ చేత్తోనే రాస్తున్నాను.

ఎందుకు చెప్పలేదో కూడా విను. చెల్లెలి చెయ్యి కాలిందంటే కదులుతావని తెలుసు. సీసాలు కడిగే పోలమ్మ ముఖం కాలిందంటే కదులుతావా అని చూశాను. కదల్లేదు. నిన్న తెలిసిపోయింది.

బయటికొచ్చాక బస్టాపులో పోలమ్మక్క, "జగన్నాథం తమ్ముడిని ఏమీ అనకు, పిల్లలు గలవాడు కాబోతున్నాడు" అంది. ఆమె మంచితనం నాకు లేదు. ఇక నాకు రాయకు. రాసినా విప్పను.

తులసి


పోర్ట్ మాతురిన్, రోడ్రిగ్స్ దీవి,
మే 1967

తులసీ,

విప్పనన్నావు. పైన ఉన్న ఊరి పేరు చూసైనా విప్పుతావని కవరు మీద కూడా పెద్దగా రాశాను.

అవును, రోడ్రిగ్స్. సముద్రం మధ్యలో ఒక కొండ, కొండ మీద మేకలు, రేవులో ఒక షెడ్డు. ఆ షెడ్డులో ఉప్పుచేపల మూటలు, మొక్కజొన్న బస్తాలు తూచడం ఇప్పుడు నా ఉద్యోగం. ఓడ ఎప్పుడొస్తే అప్పుడే ఉత్తరం. ఎందుకొచ్చానో నువ్వు అడగలేదు. అడగకుండానే తీర్పు చెప్పావు. నీ కోపం న్యాయమే అనుకుంటూ ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు నాకూ కోపం వచ్చింది. నాకు కోపం రాదని మన ఇంట్లో అందరికీ ఒక నమ్మకం. 

మీరిద్దరూ గది దాటాక తలుపు మూశారు. పెద్దదొర నా వైపు తిరిగి, "రాసుకో, గాయం కలగలేదని రుజువైంది" అన్నాడు. కలం కింద పెట్టాను.

"అది రాయలేనండీ" అన్నాను.

"ఏమిటీ?"

"ఆయన ముంచింది చల్లారిన తొట్టె నీళ్ళలో. మనం వర్గం ఇచ్చేది డ్రమ్ములో సరుకుకి. రేవులో దిగేది డ్రమ్ము. లారీ ఎక్కేది డ్రమ్ము. ఆవిడ మూత విప్పింది డ్రమ్ముకి. తొట్టె నీళ్ళు పలచన అని నేను రాసిన కాగితాన్ని డ్రమ్ముకి అంటించడం మోసం."

మోసం అనే మాట ఇంగ్లీషులో అన్నాను. అది తెలుగులో కన్నా ఇంగ్లీషులో బాగా పేలుతుందని అప్పుడే తెలిసింది. మిస్యే జీన్ లేచి నిలబడ్డాడు. పెద్దదొర చాలా మర్యాదగా, "నువ్వు రాయడానికి ఉన్నావు, మాట్లాడడానికి కాదు" అన్నాడు. "అయితే నేనన్న మాట కూడా రాస్తాను" అన్నాను. రాశాను. పేజీ చింపమన్నారు, చింపలేదు. వాళ్ళు చింపితే నేను సంతకం పెట్టనన్నాను. అందుకని అది అలాగే ఉంది.

విచారణ పెట్టించడానికి వెళ్ళినప్పుడే నాకు చెప్పారు, అల్లరి జరిగితే రోడ్రిగ్స్‌కి ఓడ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందని. అది నీకు రాయలేదు. రాస్తే నువ్వు రావడం మానేస్తావని భయం.

వసంతికి మార్చిలో ఆడపిల్ల పుట్టింది. పిల్లని చూసిన వారానికే ఓడ ఎక్కించారు. పసిగుడ్డుతో ఆమెని ఇక్కడికి తీసుకురాలేక ట్రియోలేలోనే వదిలాను.

ఇప్పుడు చెప్పు. నీ చెయ్యి నా దగ్గర దాచి నాకు పరీక్ష పెడతావా? నేను పలక పట్టుకుని నీ ముందు నిలబడ్డ బడిపిల్లాడినా? నువ్వు ఎడమ చేత్తో రాస్తున్నావని తెలిస్తే ఆ రోజు తల ఎత్తేవాణ్ణి కాదనుకున్నావా? తల ఎత్తితే నిన్ను చూసి నా గొంతు పోతుందని ఎత్తలేదు. నాకు గొంతు అవసరం ఉండింది.

ఇక విప్పినా మానినా నీ ఇష్టం.

జగన్నాథం


ఫీనిక్స్,
ఆగస్టు 1967

అన్నయ్యా,

విప్పాను. చదివాను. వెంటనే ట్రియోలే బస్సు ఎక్కాను. పిల్ల నీ పోలిక, నుదురు ముడిచి నిద్రపోతుంది. వదిన నన్ను చూడగానే, "ఇప్పుడా రావడం?" అని నాలుగు మాటలు అంది. పడ్డాను. ఈ జన్మలో నన్ను ఎవరూ అన్ని మాటలు అనలేదు, నేను ఎదురు చెప్పకుండా అన్ని మాటలు పడలేదు. తరవాత ఆమే అన్నం పెట్టింది.

నీకు క్షమాపణ రాయాలని కూర్చున్నాను. మాటలు దొరకడం లేదు. నీకు రాయలేదన్న కోపం నా మీద నాకుంది. దాంతో సరిపెట్టుకో. జరిగింది మాత్రం రాస్తాను.

కమిటీ తీర్పు మారలేదు. మిస్యే పియర్ ఆ కాగితాన్ని అద్దం పెట్టించి తలుపు పక్కన తగిలించాడు. కలపనన్న ఆడవాళ్ళందరినీ గేటు బయట నిలబెట్టాడు. నన్ను మొదట. కొత్తవాళ్ళ కోసం కబురు పెట్టాడు. చెరుకు కోత లేని చోట్ల నుంచి పిల్లలు వచ్చారు పాపం, పెళ్ళి కూడా కాని పిల్లలు.

ఆ మరునాడు పొద్దున్నే పోలమ్మక్క వచ్చింది. గేటుకి ఎదురుగా, రోడ్డుకి ఇవతల నిలబడింది. ముసుగు తీసేసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో అద్దం తిప్పి పెట్టుకున్న మనిషి, అన్నయ్యా. నేను పరుగెత్తుకెళ్ళి, "ఏంటక్కా ఇది?" అన్నాను.

"ఎర్ర కాగితం తీసేసినాడు కదా," అంది. "నేను నిలబడతాను."

కొత్త పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆమెని చూసి ఆగిపోయారు. ఒక పిల్ల క్రియోల్‌లో, "ఏమైందమ్మా?" అని అడిగింది. పోలమ్మక్క కార్ఖానా వైపు చెయ్యి చూపించింది. "సావోఁ" అంది. సబ్బు! అంతే, ఆ ఒక్క మాటే. పిల్ల వెనక్కి తిరిగి బస్సు ఎక్కింది.

మిస్యే పియర్ పోలీసుల్ని పిలిచాడు. వాళ్ళు ఆమెని రోడ్డు మీద నిలబడొద్దన్నారు. చైనా దుకాణం అరుగు మీదికి మారింది. దుకాణం ఆయన ముక్కాలి పీట ఒకటి వేశాడు. వానొచ్చినా ఎండొచ్చినా వస్తూనే ఉంది. కూర్చోదు. కూర్చుంటే ముఖం కనపడదట.

సూరయ్య ఇన్నాళ్ళూ "ఊరుకో తులసీ" అంటూ వచ్చాడు కదా. మొన్న డ్రమ్ముల కోసం రేవుకి లారీ తోలుకెళ్ళి, అక్కడ మోసే వాళ్ళకి జరిగినదంతా చెప్పాడట. వాళ్ళలో ఒకడి వీపు పోయినేడాది ఇలాగే కారిన డ్రమ్ము వల్ల పుండయింది. అది ఎందుకైందో వాడికి ఇప్పుడే తెలిసింది. అక్కడికక్కడే డ్రమ్ములు దింపేసి చేతులు కట్టుకున్నారు. సూరయ్య ఖాళీ లారీ తోలుకొచ్చాడు. వచ్చిన వెంటనే ఆయన్నీ తీసేశారు. ఇప్పుడు ఇంట్లో ఇద్దరం ఉన్నాం. ఈయన వంకాయలు కోస్తున్నాడు, నా చేతికి కత్తిపీట పట్టు దొరకదు కనుక.

తులసి


పోర్ట్ మాతురిన్,
మార్చి 1968

చెల్లీ,

మీకు స్వతంత్రం వచ్చిందని రేడియోలో విన్నాం. ఈ దీవినీ మీతోనే కలిపారు, కాని ఇక్కడి జనానికి ఆ జెండా ఇష్టం లేదు, ముఖాలు తిప్పుకున్నారు. నేను ఒక్కణ్ణే షెడ్డు ముందు నిలబడ్డాను. ఒక మేక కూడా నిలబడింది.

ఈ ఓడలో ఆఫీసు నుంచి నాకు ఒక కాగితం వచ్చింది. కాస్టిక్ సోడా మళ్ళీ తినేసే వర్గంలోకి వచ్చింది. డ్రమ్ములోది డ్రమ్ములోదిగానే చూడాలని తేల్చారట. సంతోషించు. తరవాత నాలాగే కోపం తెచ్చుకో.

ఎందుకు మార్చారో తెలుసా? పోలమ్మక్క కన్ను చూసి కాదు. నా మాటలు చదివి కూడా కాదు. రేవులో ఎవరూ మొయ్యకుండా వదిలేసిన డ్రమ్ములు తుఫాను వానల్లో తడిసి తుప్పుపట్టాయి. సరుకు కారిపోయి పక్కనున్న పెట్టెల్లోని అల్యూమినియం యంత్రాల్ని తినేసింది. అవి కంపెనీ యంత్రాలు. అప్పుడు ఆ మిస్యే జీన్ కంపెనీయే అర్జీ పెట్టుకుంది, ఇది చాలా ప్రమాదమైన సరుకు, దయచేసి పాత వర్గంలో వేసి విడిగా దాచే ఏర్పాటు చెయ్యండి అని. కమిటీ ఒక్క పూటలో ఒప్పుకుంది. లోహాన్ని తింటే తెలిసింది, తులసీ. మనిషిని తింటే తెలియలేదు.

పెద్దదొర తన దేశం వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీలో మనవాడే కూర్చున్నాడు. నన్ను వెనక్కి పిలవమని రాశాను. 'కొత్త ప్రభుత్వం పరిశీలిస్తుంది' అని జవాబు. ఆ ఇంగ్లీషు వాక్యం నాకు బాగా తెలుసు, పాత ప్రభుత్వంలో దాన్ని నేనే రాసేవాణ్ణి. వసంతి మాత్రం ఆగనంటోంది. పిల్లని తీసుకుని వచ్చే ఓడకి తనే వస్తుందట. ఓడ ఎక్కడానికి మనిషి తోడు కావాలి. రేవు దాకా నువ్వు వెళ్ళి ఎక్కించు.

మిస్యే పియర్ మిమ్మల్ని పనిలోకి పిలిచాడా?

అన్నయ్య


ఫీనిక్స్,
జూలై 1968

అన్నయ్యా,

వదినని ఎక్కించాను. పిల్ల ఓడని చూసి కేరింతలు కొట్టింది, వదిన ఏడ్చింది. ఈపాటికి నీ నుదురూ దాని నుదురూ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ ఉంటారు.

మిస్యే పియర్ పిలిచాడు. తాను పిలిచినట్టు కనపడకుండా పిలిచాడు. కొత్త పిల్లలెవరూ నిలవడం లేదు, సీసాలు జిడ్డుతో పెరట్లో గుట్టలు పడ్డాయి. చైనా దుకాణం ఆయన చేత కబురంపాడు. మేం ముందు గేటు బయటే నిలబడి అడిగాం. కొళాయి తెచ్చి పెట్టు. తొడుగులు, అద్దాలు బయటికి తియ్యి. సూరయ్యే కలుపుతాడు. పోలమ్మక్కకి కూర్చుని చేసే పని ఇవ్వు, తాగి వచ్చిందన్న మాట అందరి ముందూ వెనక్కి తీసుకో. మొదటి మూడింటికీ తల ఊపాడు. నాలుగోదానికి ఊపలేదు. మేం లోపలికి వెళ్ళలేదు. మధ్యాహ్నం ఎండలో వచ్చి గొణిగాడు. "వినపడలేదు" అన్నాను. మళ్ళీ చెప్పాడు. పోలమ్మక్క, "సరే" అంది. క్షమించాను అనలేదు. నేనైతే సరే కూడా అనేదాన్ని కాదు.

ఆమె కన్ను రాలేదు. నా వేళ్ళు ముడుచుకోవు. నువ్వు మేకల మధ్య ఉన్నావు. గెలిచామని పక్కింటి వాళ్ళు అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్న కొత్త డ్రమ్ములు వచ్చాయి. ఇప్పుడు ఎర్ర కాగితం మీద అక్షరాలే కాదు, చదువు రానివాళ్ళ కోసం బొమ్మ కూడా అచ్చు వేశారు. పైనుంచి చుక్కలు పడుతుంటాయి, కింద ఒక చెయ్యి, చుక్కలు పడ్డ చోట చెయ్యి తినేసినట్టు ఉంటుంది. అందరం చుట్టూ మూగి చూశాం. పోలమ్మక్క ఉన్న ఒక్క కన్నూ దగ్గరగా పెట్టి చాలాసేపు చూసింది. 

"ఇది మగోడి చెయ్యి," అంది. "గాజుల్లేవు."

పొయ్యిలోంచి బొగ్గు ముక్క ఒకటి తెచ్చింది. మొదటి డ్రమ్ము దగ్గర కూర్చుని ఆ చేతి మణికట్టుకి రెండు గాజులు గీసింది. మిస్యే పియర్ గదిలోంచి చూసి, "గవర్నమెంతు కాగితం మీద గీతలేంటి!" అని అరుచుకుంటూ వచ్చాడు. ఆమె తల తిప్పలేదు. రెండో డ్రమ్ము దగ్గరికి జరిగింది.

తులసి